ప్లగ్గు మీద అంకె

ఏలూరులో ఏ స్పేర్‌పార్ట్స్ షాపు కౌంటరు ముందు నిలబడి పాత కారుకి ప్లగ్గులు కావాలన్నా రెండే ప్రశ్నలు ఎదురవుతాయి. బండేంటి? కంపెనీ ఏది? మూడో ప్రశ్న ఎవరూ వెయ్యరు: ఆ బండి రోజూ ఎలా తిరుగుతుంది? ఇంటి నుంచి తోటకి నాలుగు కిలోమీటర్లు పాకి అక్కడ ఆగిపోతుందా, జాతీయ రహదారెక్కి రాజమండ్రి దాకా ఏకబిగిన పరిగెడుతుందా? ప్లగ్గు ఎంపికలో సగానికి పైగా ఈ ప్రశ్నలోనే ఉంది. ధరలోనో, డబ్బా మీద మెరిసే అక్షరాల్లోనో లేదు.

చింతలపూడిలో ఒక షెడ్డు దగ్గర చూసిన సంగతి చెబుతాను. మారుతి 800 ఒకటి వచ్చింది. నడిపే కుర్రాడు దిగుతూనే, "బాబాయ్, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడతంది. పొద్దున్నే స్టార్టవ్వాలంటే ప్రాణం తీసేత్తంది" అన్నాడు.

"ప్లగ్గులు ఎప్పుడు మార్చావురా?"

"సంక్రాంతికే మార్చాను బాబాయ్. మామూలియ్యి కాదు, పెద్ద నంబరువి ఏయించాను."

మెకానిక్ నవ్వలేదు. ప్లగ్ పానా తీసి మూడింటినీ విప్పి, పాత తుండుగుడ్డ మీద సిలిండర్ల వరసలో పేర్చాడు. మూడూ నల్లగా ఉన్నాయి. నూనె తడి లేదు. వేలితో రాస్తే పొడిమసి అంటుకుంది. ఒక్కటే నల్లబడి ఉంటే ఆ ఒక్క సిలిండరును అనుమానించాలి. మూడూ ఒకే తీరుగా ఉన్నాయంటే కారణం ఇంజను మొత్తానిదైనా కావాలి, ప్లగ్గులదైనా కావాలి. ఆయన ప్లగ్గు తిప్పి పింగాణి మీద అచ్చేసిన అక్షరాలు చదివాడు. బండితో వచ్చే పుస్తకంలో చెప్పినదానికంటే అంకె రెండు మెట్లు పెద్దది. కుర్రాడి లెక్కలో పెద్ద అంకె అంటే మేలు రకం. ఆ ప్లగ్గుల కంపెనీ లెక్కలో పెద్ద అంకె అంటే చల్లటి ప్లగ్గు. ఊరికీ పామాయిలు తోటకీ మధ్య తిరిగే బండికి అంతకంటే తప్పు ప్లగ్గు ఇంకోటి ఉండదు.

ప్లగ్గు పనుల్లో నిప్పురవ్వ పుట్టించడం అందరికీ తెలిసినదే. దాని రెండో పని కంటికి కనబడదు. సిలిండరులో మండే వాయువు 2,000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఆ మంటలోకి ముక్కు పెట్టుకుని కూర్చున్న ప్లగ్గు, తన ఒంటికి తగిలిన వేడిని మరల ద్వారా, వాషరు ద్వారా ఇంజను హెడ్డులోకి దించుతూ ఉండాలి. అంతా దించేసినా కష్టమే, దించకపోయినా కష్టమే. ముక్కు దగ్గర పింగాణి సుమారు 450 డిగ్రీల పైన ఉంటే మీద పడ్డ మసి దానంతటదే కాలిపోతుంది. అంతకు తగ్గితే మసి పేరుకుంటుంది. 850 డిగ్రీలు దాటి పైకి పోతే ముక్కే నిప్పుకణికగా మారి, స్పార్క్ రాకముందే పెట్రోలు ఆవిరిని అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి నెడుతుంది. పిస్టన్ తలకి చిల్లి పడ్డ ఇంజన్లు కొన్ని ఇలా చచ్చినవే. అట్టు వేసేవాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు: పెనం కాలకపోతే పిండి అంటుకుపోతుంది, మరీ కాలితే మాడిపోతుంది, మధ్యలో ఉన్న కాస్త జాగాలోనే అట్టు వస్తుంది.

ఈ మధ్య జాగాలో ముక్కును నిలబెట్టడానికే రకరకాల ప్లగ్గులు చేస్తారు. తేడా పింగాణి ముక్కు పొడవులో ఉంది. ముక్కు పొడుగ్గా, చుట్టూ ఖాళీ ఎక్కువగా ఉంటే వేడి హెడ్డు చేరడానికి దూరం ఎక్కువ. ముక్కు వేడిగా నిలుస్తుంది. అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి చప్పున దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు. ఒక మెట్టు మారిస్తే ముక్కు దగ్గర 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుందని ప్లగ్గుల కంపెనీలే చెబుతాయి. 450కీ 850కీ మధ్య ఉన్నది 400 డిగ్రీలే కదా. ఏ అవసరమూ లేకుండా రెండు మెట్లు దిగితే అందులో సగం దాకా పోయినట్టే.

హాట్ ప్లగ్గు వేస్తే స్పార్క్ వేడిగా వస్తుందని, బండికి పికప్ పెరుగుతుందని ఒక నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. స్పార్క్ బలం కాయిల్ ఇచ్చేది. ప్లగ్గు మీది అంకెకి దానితో సంబంధం లేదు. ఆ అంకె చెప్పేది ముక్కు వేడి గురించి మాత్రమే.

చిక్కల్లా అంకెల్ని ఒక్కో కంపెనీ ఒక్కో దిక్కున లెక్కపెట్టడంలో ఉంది. జపాన్‌లోని నగోయాలో 1936లో మొదలైన ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లబడుతుంది. బాష్ లెక్కలో అంకె పెరిగితే వేడెక్కుతుంది. ఛాంపియన్‌దీ బాష్ దారే, అయితే అంకెలు వేరు. ఎన్‌జీకేలో 6 అంటే బాష్‌లో దరిదాపు 7, ఛాంపియన్‌లో 9. ఎన్‌జీకే 5 వేసే చోట బాష్‌లో 8 వెయ్యాలి. అంటే 6 లేదని కౌంటరు మీద 7 ఇస్తే, కంపెనీని బట్టి అది ఒక మెట్టు వేడిదీ కావచ్చు, చల్లదీ కావచ్చు.

పాత కారు వాళ్లకి దీనిమీద ఇంకో మెలిక ఉంది. బాష్ తన అంకెల్నే ఒకప్పుడు తిరగేసింది. దాని పాత కోడ్లలో డబ్ల్యూ 145, డబ్ల్యూ 175, డబ్ల్యూ 225 అని మూడంకెలు ఉండేవి. అప్పట్లో అంకె పెద్దదైతే ప్లగ్గు చల్లనిది. ఆ 145 ఇప్పుడు 8, 175 ఇప్పుడు 7, 225 ఇప్పుడు 5. నాన్నగారి కాలం నాటి బండి పుస్తకం బీరువాలో భద్రంగా ఉన్నవాళ్లు అందులోని అంకెను ఈ పట్టీతో సరిచూసుకుని షాపుకి వెళ్లాలి. ఇక్కడ పాత మెకానిక్కులు బాష్ అనరు, మైకో ప్లగ్గు అంటారు. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీగా పుట్టి బెంగుళూరులో ప్లగ్గులు, డీజిలు పంపులు చేసిన సంస్థ అది. 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకున్నా షెడ్లలో మాత్రం మైకోగానే మిగిలింది.

అసలు మీ పాత కారుకి ప్లగ్గులున్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఎగతాళి కాదు. అద్దెకి తిరిగిన అంబాసిడర్లలో చాలావాటికి డీజిలు ఇంజను. డీజిలు స్పార్క్‌తో మండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి మండుతుంది. దాని హెడ్డులో ఉండేది హీటర్ ప్లగ్గు. పొద్దున స్టార్టింగుకి లోపల వేడి పుట్టించే ఊచ అది. తాతగారి అంబాసిడరుకి ప్లగ్గులు కావాలంటూ వచ్చేవాళ్లలో కొందరికి కావలసింది అదే.

ఇక పెట్రోలు బళ్లు. మెట్టలో పాత ఇళ్ల సావిళ్లలో టార్పాలిన్ కింద ఇప్పటికీ కనిపించేవి మూడు. 1489 సీసీ ఇంజనుతో ఉత్తరపారా నుంచి వచ్చిన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారైన 1089 సీసీ ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరు నుంచి 2014 దాకా వచ్చిన 796 సీసీ మారుతి 800. మూడూ మూడు రకాల సంసారాలు. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుముది. పద్మినిది, మారుతిది అల్యూమినియం. వేడి దిగే తీరూ వేరే, ప్లగ్గు బిగించే తీరూ వేరే. అందుకే "పాత కార్లకి ఇవే వేస్తారండి" అని ఎవరైనా ఒకే డబ్బా అందిస్తే పుచ్చుకోకూడదు.

కోడ్‌లో అంకె కాక చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మొదటిది మర పొడవు. బయటినుంచి చూస్తే రెండు ప్లగ్గులూ 14 మిల్లీమీటర్ల మరతో ఒకేలా ఉంటాయి, రెండూ చక్కగా ఎక్కుతాయి. కానీ ఒకదాని మర 12.7 మిల్లీమీటర్లు, రెండోదానిది 19. పొట్టి మర ఉండవలసిన హెడ్డులో పొడుగుది ఎక్కిస్తే కొస లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌నో వాల్వునో కొడుతుంది. పొడుగు ఉండవలసిన చోట పొట్టిది వేస్తే స్పార్క్ ఒక గుంటలో పడుతుంది, మిగిలిన మరల్లో కార్బన్ గట్టిపడి ఆ తర్వాత సరైన ప్లగ్గు కూడా ఎక్కదు. ఎన్‌జీకే కోడ్‌లో అంకె తర్వాత హెచ్ ఉంటే 12.7, ఇ ఉంటే 19. బాష్‌లో అంకె తర్వాత ఎ, బి అయితే 12.7, సి, డి అయితే 19. స్కూటరు ప్లగ్గు కారుకి పట్టింది కదా అని వేసేసిన కథ ప్రతి షెడ్డులోనూ ఒకటుంటుంది.

కోడ్ మధ్యలో ఆర్ అనే అక్షరం కనిపిస్తే లోపల సుమారు 5,000 ఓముల రెసిస్టరు ఉందని. రేడియోలో గరగర రాకుండా చూడటం దాని పాత పని. పెట్రోలు ఇంజెక్షన్ (ఎంపీఎఫ్ఐ) వచ్చాక, బండిలోని కంప్యూటరుకి ఆ రొద తగలకుండా కాపాడటం దాని కొత్త పని. ఇంజెక్షన్ మారుతికి ఆర్ లేనిది వేస్తే సెన్సార్లు తప్పుడు కబుర్లు చెబుతాయి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉండే పాత అంబాసిడరుకి ఆర్ లేకున్నా ఫరవాలేదు. ఉన్నా దాదాపు నష్టం లేదు.

షెడ్లలో తరతరాలుగా నడుస్తున్న పరీక్ష ఒకటుంది. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఒంటిని ఇంజనుకి ఆనించి సెల్ఫ్ కొట్టడం. టిక్కుమని నీలంగా మెరిస్తే "ప్లగ్గు బాగానే ఉంది" అని తీర్పు. ఈ తీర్పు చాలాసార్లు చెల్లదు. ఎందుకు చెల్లదో 1889లోనే జర్మనీ భౌతికశాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ తేల్చాడు. ఒక ఖాళీని దాటడానికి విద్యుత్తుకి ఎన్ని వోల్టులు కావాలో నిర్ణయించేది ఖాళీ వెడల్పు ఒక్కటే కాదు, దానిలోని వాయువు ఒత్తిడి కూడా. ప్లగ్గు గ్యాప్ వంటి సందులో, వీటిలో ఏది పెరిగినా కావలసిన వోల్టేజీ పెరుగుతుంది. బయటి గాలిలో 0.6 మిల్లీమీటర్ల గ్యాప్ దూకడానికి రెండు మూడు వేల వోల్టులు చాలు. సిలిండరులో పిస్టన్ నొక్కేశాక గాలి ఏడెనిమిది రెట్లు చిక్కబడుతుంది. అదే గ్యాప్‌కి అక్కడ పదివేల పైమాటే కావాలి. బయట వెలిగిన ప్లగ్గు లోపల వెలుగుతుందని హామీ లేదు. కుర్రాడి బండి సమతలంలో బాగానే నడుస్తూ ఎత్తులో మిస్ కొట్టడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఏక్సిలేటరు బాగా తొక్కుతాం, సిలిండరు నిండుగా గాలి పీలుస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్‌కి ఎక్కువ వోల్టులు కావాలి. ఆ వోల్టేజీ గ్యాప్ దూకే లోపు పింగాణి మీది మసిలోంచి దొడ్డిదారిన ఒంట్లోకి జారిపోతుంది. మసికి విద్యుత్తు బాగానే పారుతుంది మరి. పొద్దున స్టార్టింగులోనూ ఇదే తంతు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ నీరసించి కాయిల్‌కి అందేదే తక్కువ, అందులోంచి మసి వాటా.

ఆ వేల వోల్టులు 12 వోల్టుల బ్యాటరీలోంచి రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. పాయింట్లు మూసుకున్నంతసేపు కాయిల్‌లోని లావు చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం కడుతుంది. పాయింట్లు చటుక్కున తెరుచుకోగానే అది కూలిపోతుంది. ఆ కూలడంలో లావు చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సన్న చుట్టలో తీగ చుట్లు 60 నుంచి 100 రెట్లు ఎక్కువ గనుక అక్కడ అది 20,000 దరిదాపుకి ఎగబాకుతుంది. పాయింట్లు మాడితే, కండెన్సర్ పోతే ఈ కూలడం మెత్తబడుతుంది, వోల్టేజీ పడిపోతుంది. పాత బండికి ప్లగ్గుల మీద ప్లగ్గులు మార్చి విసిగినవాళ్లు ఒక్కసారి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడాలి. బ్రిటిష్ సంప్రదాయంలో చేసిన తొలినాటి కార్లలో బ్యాటరీ ప్లస్సును బండి ఒంటికి కలిపేవారు. వాటిని తర్వాత మైనస్ ఎర్తుకి మార్చినప్పుడు కాయిల్ వైర్లు తిరగెయ్యకపోతే స్పార్క్ ఎదురు దిక్కున దూకాల్సి వస్తుంది. ప్లగ్గులో మధ్య కమ్మీ బాగా వేడిగా ఉంటుంది. వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటపడతాయి. ఆ సౌకర్యం పోతే అదే గ్యాప్‌కి వోల్టులు మరింత కావాలి. బండి నడుస్తూనే ఉంటుంది, ఎందుకు నీరసంగా ఉందో ఎవరికీ అంతుపట్టదు.

గ్యాప్ సంగతి దీనికి కలిసిందే. పాయింట్ల బళ్లకి 0.6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పెట్టేవారు. అంబాసిడర్ తరం ఇంజన్లకి పాత కొలతలో అది 25 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 25. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బళ్లకి 0.8, కొన్నిటికి 1.1 దాకా ఉంటుంది. గ్యాప్ వెడల్పైతే రవ్వ పొడుగై పలచటి మిశ్రమాన్ని కూడా బాగా అంటిస్తుంది. కానీ దాన్ని దూకించే కండ కాయిల్‌కి ఉండాలి. పాత కాయిల్‌కి కొత్త గ్యాప్ పెట్టి పికప్ కోసం ఎదురుచూడటం దండగ. డబ్బాలోంచి తీసిన ప్లగ్గు మీ బండి కొలతకే ఉంటుందనీ లేదు. ఫీలర్ గేజ్ దూర్చి చూసి, కావాలంటే పక్క కమ్మీని మాత్రమే మెల్లగా వంచాలి. మధ్య కమ్మీ మీద బలం పెడితే పింగాణి చిట్లుతుంది. ఆ వెంట్రుకవాసి చీలిక కంటికి కనబడదు.

గ్యాప్ దానంతటదే పెరుగుతుంది కూడా. 3,000 ఆర్‌పీఎం మీద ఒక ప్లగ్గు నిమిషానికి 1,500 సార్లు రవ్వ కొడుతుంది. చింతలపూడి నుంచి ధర్మాజీగూడెం మీదుగా ఏలూరు చేరేలోపు, ఆ వేగంలో ఒక గంట నడిచిందనుకుంటే, 90,000 సార్లు. ప్రతి రవ్వా కమ్మీ లోంచి ఓ అణుమాత్రం లోహాన్ని తినేస్తుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి. విద్యుత్ క్షేత్రం మొనల దగ్గరే గట్టిగా ఉంటుంది గనుక అంచు అరిగిన ప్లగ్గుకి వోల్టులు ఎక్కువ కావాలి. 15,000 కిలోమీటర్లు తిరిగిన మామూలు నికెల్ ప్లగ్గును గ్యాప్ సరిచేసి మళ్లీ వేసినా కొత్తదానితో సమానం కాకపోవడానికి ఇదే కారణం.

గరుకు కాగితం ముచ్చట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బజాజ్ స్కూటర్లు, లూనాలు తిరిగిన కాలంలో ప్రతి ఇంట్లో ఒక ప్లగ్ పానా, ఒక గరుకు కాగితం ముక్క ఉండేవి. టూస్ట్రోక్ ఇంజను పెట్రోలుతో పాటు నూనె కూడా కాల్చేది కాబట్టి ప్లగ్గుకి తొందరగా మసి పట్టేది. విప్పి, రుద్ది, ఊది, బిగించి కిక్ కొడితే బండి కదిలేది. ఆ అలవాటు కార్లకీ వచ్చింది. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు గత్యంతరం లేక చేస్తే తప్పు లేదు. అదే వైద్యం అనుకోకూడదు. పింగాణి నునుపు పోతే మసి మరీ గట్టిగా పట్టుకుంటుంది. ఇనుప బ్రష్షుతో గీకితే బ్రష్షు లోహమే గీతలుగా పింగాణి మీద మిగిలి కరెంటుకి కొత్త దారి వేస్తుంది. మామూలు ప్లగ్గులు నాలుగూ మార్చినా ఒక ట్యాంకు పెట్రోలు ఖర్చులో నాలుగో వంతు కాదు.

విప్పిన ప్లగ్గు చెప్పే కబుర్లు వినడం మాత్రం నేర్చుకోవలసిన విద్య. ముక్కు లేత గోధుమ రంగులో, కమ్మీలు బూడిదరంగులో ఉంటే ఆ ఇంజనుకి ఆ ప్లగ్గు కుదిరిందని. పొడి నలుపైతే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా చోక్ సగంలో ఇరుక్కుంది, లేదా ప్లగ్గు మరీ చల్లనిది. తడి నలుపు, నూనె జిడ్డు అయితే రింగులో వాల్వు సీళ్లో పోయాయని. దానికి ప్లగ్గులో మందు లేదు. ఒక మెట్టు హాట్ ప్లగ్గు వేసి ఇంజను పని వచ్చేదాకా నెట్టుకురావచ్చు, అంతే. సున్నంలా తెల్లబడి ముక్కు మీద పొక్కులు లేస్తే బండిని ఆ రోజే ఆపాలి. టైమింగు ముందుకు జరిగిందో, మిశ్రమం పలచబడిందో, ప్లగ్గు మరీ వేడిదో తేలేదాకా రహదారెక్కకూడదు. ఇందులో ఒక సవరణ ఉంది. ఆ లేత గోధుమ రంగు పాఠం సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో రాసుకున్నది. మన దేశంలో సీసం 2000 ఫిబ్రవరికల్లా పోయింది. ఇప్పటి పెట్రోలుకి ముక్కు ఇంకాస్త పాలిపోయి కనిపిస్తుంది. పొక్కులు లేకుండా ఒట్టి తెలుపు కనబడితే గాభరా పడక్కర్లేదు.

పెట్రోలు అన్నాక ఇథనాల్ మాట రాకుండా ఉండదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకులకీ వచ్చేసింది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. ఇంజెక్షన్ బండి పొగగొట్టంలో వాసన చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. దాని జెట్ రంధ్రం ఎంతుందో అంతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం ఏడు శాతం దాకా పలచబడుతుంది. బండి ఎక్కుడులో తడబడుతుంది, ముక్కు ఇంకొంచెం వేడెక్కుతుంది. దీనికి చాలామంది కోల్డ్ ప్లగ్గు వెయ్యమంటారు. నా మాట వేరు. జబ్బు కార్బురేటర్‌లో ఉన్నప్పుడు మందు అక్కడే వెయ్యాలి. ఎయిర్ స్క్రూ సవరించి, అవసరమైతే జెట్ ఒక సైజు పెంచి, టైమింగు చూసి, అప్పటికీ ముక్కు తెల్లగా పొక్కులు లేస్తుంటేనే ప్లగ్గు మెట్టు మార్చాలి. గ్యాస్ కిట్టు పెట్టించిన బండికి మాత్రం లెక్క వేరు. గ్యాస్ మిశ్రమాన్ని దూకడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టులు కావాలి గనుక గ్యాప్ కాస్త తగ్గించి, ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వెయ్యడం వాడుకలో ఉంది.

ఒకే మారుతి మెట్టలో ఒకలా, కొల్లేటి పక్కన ఇంకోలా బతుకుతుంది. చింతలపూడి, కామవరపుకోట దారుల్లో దుమ్ము, ఎత్తుపల్లాలు, పొట్టి ప్రయాణాలు. అక్కడ మసితోనే పోరు. పుస్తకంలో చెప్పిన అంకెలో ఉండటం, బండి మరీ తక్కువ తిరిగితే ఒక మెట్టు హాట్ వైపు జరగడం మేలు. అదే బండి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా రోజూ రహదారి మీద గంటల తరబడి పరిగెత్తేదైతే హాట్ ప్లగ్గు జోలికి పోకూడదు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల మధ్య ఉండే బళ్లకి మసి కంటే తేమ పెద్ద శత్రువు. పుష్యమాసపు మంచు పొద్దుల్లో పింగాణి బయటి భాగం మీద, క్యాపులో, వైర్ల మీద సన్నని నీటిపొర పడుతుంది. దానికి దుమ్ము తోడైతే కరెంటు లోపల దూకడం మానేసి బయటే పాకుతుంది. ప్లగ్గు మెడ మీద వలయాలుగా ఉండే గాడులు అందుకే. పాకవలసిన దూరం పెంచడానికి. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపిస్తే పాడైన వైర్ల చుట్టూ నీలి మిణుగురులు కళ్లారా చూడొచ్చు, చెయ్యి మాత్రం దూరంగా పెట్టుకుని. అలా కనబడితే ప్లగ్గుల డబ్బు వైర్ల మీద, రబ్బరు క్యాపుల మీద పెట్టడం మంచిది.

ఇరిడియం ప్లగ్గుల గురించి అడగనివాళ్లు లేరు. ఇరిడియం 2,446 డిగ్రీల దగ్గర గాని కరగదు. అందుకే మధ్య కమ్మీని సూదిమొన అంత సన్నగా చెయ్యగలిగారు. సన్నటి మొన దగ్గర విద్యుత్ క్షేత్రం గట్టిపడి తక్కువ వోల్టులకే రవ్వ దూకుతుంది. నీరసించిన పాత కాయిల్‌కి ఇది నిజంగానే కొంత సాయం. కానీ వాటి ధరకి అసలు కారణం 60,000 కిలోమీటర్లు, అంతకు పైన నిలిచే ఆయుష్షు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరగని పద్మినికి అంత ఆయుష్షుతో పనేముంది? నూనె తాగే ఇంజనులో ఇరిడియమూ మామూలు దానంత తొందరగానే జిడ్డు పడుతుంది. సరైన వేడి అంకె ఉన్న మామూలు ప్లగ్గు, తప్పు అంకె ఉన్న ఇరిడియం కంటే వెయ్యి రెట్లు నయం. నకిలీలు కూడా ఖరీదైన డబ్బాల్లోనే ఎక్కువ లాభం చూసుకుంటాయి. మరల అంచులు గరగరలాడినా, పింగాణి మీది అచ్చు గోటికి లేచినా వెనక్కి ఇచ్చెయ్యాలి.

నెలల తరబడి కదలని బండి స్టార్టు కాకపోతే మొదటి నింద ప్లగ్గు మీదే పడుతుంది. ట్యాంకులోని పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది, ఇథనాల్ గాలిలోని తేమను కొంత పీల్చుకుని ఉంటుంది. కొత్త ప్లగ్గులు వేసినా అది మండదు. పాత పెట్రోలు తీసి కొత్తది పోసి చూశాకే ప్లగ్గుల దగ్గరికి రావాలి.

బిగింపులో తొందర పనికిరాదు. ఇంజను పూర్తిగా చల్లారాక, ప్లగ్గు గుంట చుట్టూ దుమ్ము ఊది, కొత్తదాన్ని ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి. మధ్యలో బిగుసుకుంటే మర పక్కకి పడిందని అర్థం. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. వాషరు ఆనాక పానాతో కొత్త ప్లగ్గుకి అర చుట్టు, మహా అయితే ముప్పావుకి కాస్త తక్కువ. పాతదాన్నే మళ్లీ వేస్తుంటే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది గనుక చుట్టులో పన్నెండో వంతు చాలు. వదులుగా వదిలితే వేడి హెడ్డులోకి దిగక సరైన ప్లగ్గు కూడా హాట్ ప్లగ్గులా కాలిపోతుంది. అంబాసిడర్ ఇనుప హెడ్డు బండ చేతుల్ని కొంత ఓర్చుకుంటుంది. మారుతి, పద్మిని అల్యూమినియం హెడ్లలో మర ఒక్కసారి ఊడివస్తే హెడ్డు దించి, రంధ్రం పెద్దది చేసి, ఉక్కు మర కూర్చి, గ్యాస్కెట్ మార్చి తిరిగి ఎక్కించాలి. ఆ పనికి చింతలపూడిలో విప్పిన హెడ్డు ఏలూరు లేతు షాపు దాకా వెళ్లి రావాల్సి వస్తుంది.